యాంటెన్నాలు సరే, రౌటర్ లోపల సామాను ఎలా సర్దారో చూశారా?

రౌటర్ రివ్యూలు చదివి చదివి నాకో డౌటు వచ్చింది. మనం కొంటున్నది నెట్‌వర్క్ పరికరాన్నా, యాంటెన్నాల స్టాండునా? డబ్బా మీద ఏసీ 1200 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి, పైకి రౌండ్ చేసి వేసిన అంకె అది. ఏ ఫోనుకీ ఒకేసారి ఆ 1200 రాదు. రెండు బస్సుల సీట్లు కలిపేసి ఒకే బస్సులో ఉన్నాయని చెప్పినట్టు. అయినా రివ్యూలన్నీ ఆ అంకెతోనే మొదలై, హాల్లో ఎంత స్పీడు, వెనక బెడ్‌రూంలో ఎంత స్పీడు అని రెండు స్క్రీన్‌షాట్లు పెట్టి అయిపోతాయి.

నేను హైదరాబాద్‌లో నెట్‌వర్క్ స్విచ్‌లని ప్రోగ్రామ్ చెయ్యడానికి వాడే ఒక సీ లైబ్రరీ మీద పనిచేస్తాను. పుట్టి పెరిగింది గుడివాడ, బీటెక్ కూడా ఆ చుట్టుపక్కలే. ఆఫీసులో సగం రోజు ఒకే రకం వాదనలో పోతుంది. ఈ ఫీల్డు ఏ స్ట్రక్చర్‌లో ఉండాలి? ఈ టేబుల్‌ని దేన్ని పట్టుకుని వెతకాలి? ఇది లైబ్రరీ వాడేవాళ్లకి కనపడాలా వద్దా? ఫ్రెండ్స్‌కి చెబితే ఆవులిస్తారు. కానీ రౌటర్ అయినా, ఫైబర్ వాళ్లిచ్చే ఓఎన్‌టీ డబ్బా అయినా, చెరువు గట్టు మీద సెన్సర్ కంట్రోలర్ అయినా, కష్టం వచ్చినప్పుడు నిలబడుతుందా లేదా అన్నది ఈ వాదనల్లోనే తేలిపోతుందని నా నమ్మకం. చవక పరికరాలు ఎక్కువగా వాడే మన డెల్టా ఊళ్లలో ఇది మరీ నిజం.

డెల్టా ఎందుకంటున్నానో చెప్తాను. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఊళ్లో కేబుల్ ఆపరేటర్ల ద్వారా టీవీ, ఫోను, నెట్టు మూడూ కలిపి ఇవ్వడం దాని ప్లాను. 149 రూపాయల ప్యాకేజీ అప్పట్లో పెద్ద వార్త. తర్వాత ప్రైవేటు కంపెనీల వైర్లూ వచ్చాయి. మచిలీపట్నం, గుడివాడ సంగతి సరే, దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు కూడా ఇప్పుడు స్తంభాల మీద ఫైబర్ కనపడుతుంది. కనెక్షన్ ఇంట్లోకి రాగానే లోడు కూడా వచ్చింది. నాలుగు ఫోన్లు, టీవీ బాక్సు, వాకిట్లో కెమెరా, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికొచ్చేసిన కొడుకు ల్యాప్‌టాప్. చెరువులున్న ఇంట్లో అయితే వాటి కంట్రోలర్ కూడా. ఇవన్నీ మోసేది వెయ్యి, పదిహేను వందల రూపాయల రౌటర్.

మా బాబాయికి కోడూరు వైపు వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఆక్వా గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకని తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ టైముకి ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలు గట్టు పక్కకి చేరి పైకి తేలతాయి. గంట ఆలస్యమైతే మూడు నెలల పెట్టుబడికి ఎసరు. బాబాయి చెరువు దగ్గర ఒక కంపెనీ సెన్సర్ కంట్రోలర్ పెట్టించాడు. ఆక్సిజన్ పడిపోతే ఫోన్లో అలారం మోగాలి.

పోయిన సీజన్‌లో ఒక రాత్రి ఆ అలారం చాలా ఆలస్యంగా మోగింది. అప్పటికే కాపలా కుర్రాడు టార్చి వేసి చూసి, పరిగెత్తి ఏరియేటర్లు ఆన్ చేశాడు. పొద్దున్నే నాకు ఫోను. "ఏరా, నువ్వు ఇంజినీరువి కదా, నువ్వే చెప్పు. రొయ్యలు పైకి తేలాక మెసేజ్ వస్తే నేనేం చేసుకోను?"

ఆ పంటలో ఎంత పోయిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. వీకెండ్‌కి ఊరెళ్లి రెండు రోజులు ఆ కంట్రోలర్‌తో కూర్చున్నాను. సెన్సర్ బాగానే ఉంది. సిగ్నల్ ఫుల్లు. స్పీడ్ టెస్ట్ పెడితే ఈ సైట్‌లో స్క్రీన్‌షాట్ వేసుకునేంత బాగా వచ్చింది. గొడవంతా లోపలి లెక్కల్లో ఉంది.

రౌటర్ లోపలి చిట్టా

మీ ఇంట్లోంచి బయటికెళ్లే ప్రతి కనెక్షన్‌నీ రౌటర్ ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఇంట్లో అందరికీ కలిపి బయట ఒకే అడ్రస్ కాబట్టి, తిరిగొచ్చిన ప్యాకెట్ ఎవరిదో తెలియాలంటే ఆ చిట్టానే చూడాలి. లినక్స్ మీద నడిచే రౌటర్లలో దీని పేరు కాన్‌ట్రాక్ టేబుల్. ఇదొక హ్యాష్ టేబుల్. ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఒక్కో కనెక్షన్‌కి ఎంట్రీ ఒక్కటే, కానీ దానికి రెండు కొక్కేలుంటాయి. వెళ్లే దిశలో చూస్తే అడ్రస్‌లు ఒక రకం, తిరిగొచ్చే దిశలో ఇంకో రకం. రెండు దిశలకీ రెండు హ్యాష్‌లు లెక్కగట్టి, ఒకే ఎంట్రీని ఒకే టేబుల్‌లో రెండు చోట్ల తగిలిస్తారు. ప్యాకెట్ ఎటునుంచి వచ్చినా ఒక్క వెతుకులాటలో దొరుకుతుంది. ఎలాంటి ప్రశ్నలు వస్తాయో ముందే ఆలోచించుకుని సర్దిన సామాను అది.

కానీ చిట్టాకి పేజీలు లెక్కే. ఎంట్రీకి 320 బైట్లనుకుంటే 16,384 ఎంట్రీలకి 5 ఎంబీ కావాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న ఫోను వాడే మనకి 5 ఎంబీ ఒక లెక్కా అనిపిస్తుంది. 32 ఎంబీ, 64 ఎంబీ ర్యామ్‌తో అమ్మే రౌటర్‌కి అది పెద్ద ఖర్చే. అందుకే ఫ్యాక్టరీలో ఆ పరిమితి తగ్గిస్తారు. చిట్టా నిండిపోతే కొత్త కనెక్షన్ల ప్యాకెట్లు పడిపోతాయి. కెర్నెల్ లాగ్‌లో టేబుల్ ఫుల్ అని ఒక లైను పడుతుంది, దాన్ని చూసే దిక్కుండదు. మనకి మాత్రం "నెట్టు ఉంది, కానీ ఏదీ ఓపెన్ కావట్లేదు" అనిపిస్తుంది. అప్పుడు రౌటర్ ఆపి ఆన్ చేస్తాం, బాగవుతుంది. ఎందుకు బాగయిందంటే, చిట్టా చింపేశాం కాబట్టి.

పేజీలు మిగుల్చుకోవడానికి రెండో దారి పాత ఎంట్రీలని తీసెయ్యడం. మామూలు లినక్స్‌లో స్థిరపడిన టీసీపీ కనెక్షన్‌ని, అందులో ఏమీ కదలకపోయినా 5 రోజులు ఉంచుతారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దాన్ని 7,440 సెకన్లకి, అంటే 2 గంటల 4 నిమిషాలకి తగ్గించింది. ఆ వింత అంకె ఊరికే రాలేదు. ఎన్ఏటీ పెట్టెలు స్థిరపడిన టీసీపీ కనెక్షన్‌ని అంతకంటే ముందు మరిచిపోకూడదని ఆర్ఎఫ్‌సీ 5382 చెప్తుంది. అయితే చాలామంది ఇళ్లకి ఇప్పుడు సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు. 100.64తో మొదలయ్యే అడ్రస్ మీ రౌటర్‌కి వచ్చిందంటే, పైన కంపెనీ దగ్గర ఇంకో పెద్ద ఎన్ఏటీ ఉన్నట్టే. వేల ఇళ్ల కనెక్షన్లు దాని చిట్టాలో ఇరుక్కుని ఉంటాయి. అక్కడ ఎంట్రీకి ఎంత ఆయుష్షో మన చేతిలో లేదు.

బాబాయి కంట్రోలర్ కథ ఇదే. సెన్సర్ రీడింగ్ బాగున్నంతసేపు అది ఏమీ పంపదు. సర్వర్‌తో కనెక్షన్ తెరిచి ఉంచి, మధ్యమధ్యలో బతికే ఉన్నానని చిన్న ప్యాకెట్ ఒకటి వదులుతుంది. ఆ మధ్యమధ్య అన్నది 20 నిమిషాలు. ఈలోపు పైన ఎక్కడో చిట్టాలోంచి దాని ఎంట్రీ ఎగిరిపోయింది. ఆక్సిజన్ పడిపోయిన క్షణంలో కంట్రోలర్ అలారం పంపింది. ఆ ప్యాకెట్ ఎవరిదో తెలియని పెట్టె దాన్ని చప్పుడు లేకుండా పారేసింది. కంట్రోలర్ మళ్లీ పంపింది, మళ్లీ పంపింది. లినక్స్ టీసీపీ ఇలా డీఫాల్ట్‌గా 15 సార్లు ప్రయత్నించి, ప్రతిసారీ ఎడం పెంచుకుంటూ, సుమారు 15 నిమిషాల తర్వాత గానీ కనెక్షన్ పోయిందని ఒప్పుకోదు. ఆ తర్వాత కొత్త కనెక్షన్ తెరిచింది. అప్పుడు ఫోను మోగింది.

మరి 20 నిమిషాలని ఒకటి రెండు నిమిషాలకి మార్చేస్తే సరిపోయేది కదా? నేనూ అదే అనుకుని ఆ కంపెనీ ఎస్‌డీకే తెరిచాను. దానిగురించి కాసేపట్లో చెప్తాను.

శివారు రైతుకి నీళ్లు అందాలంటే

ముందు క్యూ గురించి చెప్పాలి. ఎందుకంటే లోపలి అమరికకీ న్యాయానికీ ఉన్న సంబంధం నాకు అక్కడే అర్థమైంది.

డెల్టాలో పెరిగినవాళ్లకి శివారు భూముల బాధ చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు కాలువల్లో పడి, లాకులు దాటుకుంటూ కిందికి రావాలి. దివిసీమకైతే పులిగడ్డ దగ్గర అక్విడెక్టు మీదుగా నది పాయని దాటి రావాలి. ఎగువన ఎవరైనా తూములు బార్లా తీశారంటే చివరి పొలానికి తడి కూడా అందదు. అందుకే నీళ్లు తక్కువైన ఏడాది వంతులు పెడతారు.

రౌటర్‌లో నుంచి బయటికెళ్లే తూము కూడా ఇరుకే. పాత పద్ధతిలో ఒకే క్యూ ఉంటుంది, ముందొచ్చినవాడు ముందు వెళ్తాడు. ఇంట్లో ఒకరు పెళ్లి వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే వాళ్ల ప్యాకెట్లే క్యూ అంతా నిండిపోతాయి. మీ వీడియో కాల్ ప్యాకెట్, చెరువు అలారం ప్యాకెట్ వాటి వెనక నిలబడాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. దీనికి 2012లో లినక్స్ 3.5లో ఒక మందు వచ్చింది, పేరు ఎఫ్‌క్యూ కోడెల్. కోడెల్ ఆలోచన క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్‌లది. దాన్ని వంతుల పద్ధతితో కలిపి కెర్నెల్‌లో రాసింది ఎరిక్ డ్యూమజే.

దాని లోపలి అమరిక చూడండి. ప్రతి కనెక్షన్‌నీ హ్యాష్ చేసి 1,024 చిన్న క్యూల్లో ఒకదాంట్లో పడేస్తారు. ప్యాకెట్లున్న క్యూలని రెండు లిస్టుల్లో తగిలిస్తారు, కొత్తవాళ్ల లిస్టు, పాతవాళ్ల లిస్టు. వంతు ఎప్పుడూ కొత్త లిస్టుకే ముందు. ఒక పూర్తి సైజు ప్యాకెట్ అంత పంపేసుకున్నవాడు పాత లిస్టు చివరికి పోవాలి. అంటే ఎప్పుడో ఒకసారి ఒక చిన్న ప్యాకెట్ పంపే చెరువు కంట్రోలర్, గంటల తరబడి వీడియోలు ఎక్కించేవాడికంటే ముందు వెళ్లిపోతుంది. ప్రయారిటీ సెట్టింగులు లేవు, యాప్ ఏదో గుర్తుపట్టే ఏఐ లేదు. రెండు లింక్డ్ లిస్టులు, అంతే. ఇందులో దొంగాటకి కూడా చోటివ్వలేదు. కొత్త లిస్టులో ఖాళీ అయిపోయిన క్యూని వెంటనే వదిలెయ్యకుండా పాత లిస్టు చివర కూర్చోబెడతారు. లేకపోతే ఒక ప్యాకెట్ పంపి, తప్పుకుని, మళ్లీ కొత్తవాడిలా దూరేవాళ్లు ఉంటారు. రేషన్ క్యూలో చొక్కా మార్చుకుని వచ్చినట్టు.

ఇంకొకటి. మొత్తం నిండిపోయినప్పుడు ఎవరి ప్యాకెట్ పడెయ్యాలి? న్యాయంగా అయితే అందరికంటే ఎక్కువ పోగేసుకున్నవాడిది. వాణ్ణి కనిపెట్టడానికి బీటెక్ సెకండియర్‌లో మనకి నేర్పిన సమాధానం హీప్, లేదా బ్యాలెన్స్‌డ్ ట్రీ. డ్యూమజే అవేవీ పెట్టలేదు. ఒక్కో క్యూలో ఎన్ని బైట్లు పేరుకున్నాయన్న అంకెని మాత్రం క్యూల స్ట్రక్చర్‌లోంచి బయటికి తీసి, విడిగా ఒక అర్రేలో వరసగా పెట్టాడు. 1,024 అంకెలు, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 4 కేబీ. నిండినప్పుడు ఆ 4 కేబీని మొదట్నుంచీ చివరిదాకా చదివేస్తే సరి. అరుదుగా వచ్చే పనికోసం ప్రతి ప్యాకెట్‌కీ ట్రీని సర్దుకోవాల్సిన పని తప్పింది. ఆ అంకె క్యూ స్ట్రక్చర్‌లోపలే ఉండిపోతే ఇదే వెతుకులాటకి 1,024 చోట్లకి గెంతాలి. కాలేజీలో మనకి బిగ్ ఓ నేర్పిస్తారు గానీ మెమరీలో ఏది దేని పక్కన ఉందో అడగరు. ఇంటర్వ్యూల్లోనూ అడగరు. నాకది కోపం తెప్పించే విషయం, ఇక్కడ కక్కేశాను.

కొట్టు గల్లా, వెనక గొడౌను

ప్రాసెసర్ మెమరీలోంచి బైటు బైటుగా తెచ్చుకోదు. మన ల్యాప్‌టాప్‌లలో ఒకసారికి 64 బైట్ల ముక్క తెచ్చుకుంటుంది, దాన్నే క్యాష్ లైన్ అంటారు. చాలా చవక రౌటర్లలోని మిప్స్ చిప్‌లలో ఆ ముక్క 32 బైట్లే. డేటా క్యాష్ మొత్తం కలిపి 32 కేబీ ఉంటే గొప్ప. కిరాణా కొట్టు అనుకోండి. గల్లా పక్కన చేతికందే చోట ఉన్నవి వెంటనే ఇస్తాడు, గొడౌన్‌లో ఉన్నవాటికి లోపలికి నడవాలి. పంచదార గల్లా పక్కన, టీపొడి గొడౌన్‌లో పెట్టుకున్నవాడి కొట్టు ముందు జనం పేరుకుపోతారు. రెండూ కలిపే కదా అడుగుతారు.

ఇది చిన్న చిప్‌ల బాధే అనుకోకండి. 2024 మార్చిలో వచ్చిన లినక్స్ 6.8లో గూగుల్ ఇంజినీర్ కోకో లీ పంపిన ప్యాచ్‌లు చేరాయి. కెర్నెల్‌లో ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే స్ట్రక్చర్, టీసీపీ సాకెట్ స్ట్రక్చర్ లాంటివి ఏళ్లుగా పెరిగి పెరిగి, ఎవరికి తోచిన చోట వాళ్లు ఫీల్డు చేరుస్తూ వచ్చినవి. ఆ ప్యాచ్‌లు కొత్త అల్గారిథం ఏదీ తేలేదు. ప్యాకెట్ పంపేటప్పుడు కలిపి చదివే ఫీల్డులని ఒకచోట, అందుకునేటప్పుడు చదివేవాటిని ఒకచోట, ఎప్పుడో గానీ ముట్టుకోనివాటిని దూరంగా జరిపాయి. కనెక్షన్లు చాలా ఎక్కువున్నప్పుడు టీసీపీ పనితీరు 40 శాతం వరకు పెరిగిందని చెప్పారు. ఏ ఫీల్డు ఏ దారిలో వాడతారో డాక్యుమెంటేషన్‌లో పట్టిక రాసిపెట్టారు. రేపెవరైనా ఆ గుంపుని చెడగొడితే బిల్డ్ ఆగిపోయేలా చెకింగులు కూడా పెట్టారు. నాకు ఆ 40 శాతంకంటే ఈ పట్టిక, ఈ చెకింగులే ఎక్కువ విలువైనవి. ఇల్లు సర్దడం ఎవరైనా చేస్తారు, సర్దింది సర్దినట్టు ఉంచడమే కష్టం.

బయటివాళ్లకి తాళాలిస్తే

ఇప్పుడా ఎస్‌డీకే సంగతి. కంపెనీ పేరు అనవసరం. దాని హెడర్ ఫైల్ తెరిస్తే పరికరానికి ఒక స్ట్రక్చర్ ఉంది. అందులో పరికరం పేరు, ఊరు పేరు, ఫర్మ్‌వేర్ వర్షన్, గత రీడింగులు, కనెక్షన్ స్థితి, చివరిసారి ఎప్పుడు మాట్లాడామన్న టైము, అన్నీ కలిపి కుక్కారు. పరికరాలన్నీ ఒకే లింక్డ్ లిస్టు. సెకనుకోసారి టైమర్ ఆ లిస్టంతా నడిచి, ఒక్కోదాంట్లో ఆ టైము ఒక్కటీ చూసి వదిలేస్తుంది. అసలు దెబ్బ వేరే చోట ఉంది. బతికే ఉన్నానని చెప్పే గడువు ఒక్కో కనెక్షన్‌కి ఉండాల్సిన విషయం. పక్కింటి లైను గంట ఆగుతుందేమో, ఈ లైను ఐదు నిమిషాలే ఆగుతుందేమో. ఇందులో మొత్తానికి ఒక్కటే గ్లోబల్ వేరియబుల్, విలువ కంపైల్ అయ్యేటప్పుడే 20 నిమిషాలుగా బిగించేశారు.

సపోర్టుకి మెయిల్ పెట్టాను. జవాబు మర్యాదగానే వచ్చింది. ఆ స్ట్రక్చర్‌లో ఒక్క ఫీల్డు చేర్చినా దాని సైజు మారుతుందట, దాన్ని నేరుగా వాడుకుంటున్న డీలర్ల యాప్‌లన్నీ విరిగిపోతాయట, తర్వాతి పెద్ద వర్షన్‌లో చూస్తారట. నాకు వాళ్ల మీద కోపం కంటే జాలి వేసింది. ఇంటి తాళాలు అందరికీ ఇచ్చేశాక బీరువా జరపడానికి ఊరందరి పర్మిషన్ కావాలి మరి.

ఈ తలనొప్పి పెద్దవాళ్లకీ తప్పలేదు. టెలికాం కంపెనీలు వేగంగా ప్యాకెట్లు నడపడానికి వాడే డీపీడీకే లైబ్రరీలో కూడా పరికరం స్ట్రక్చర్ చాలా ఏళ్లు బయటికి కనపడుతూనే ఉంది. ప్యాకెట్ తీసుకునే ఫంక్షన్ హెడర్‌లోనే ఇన్‌లైన్ అయి ఉండటంతో, స్ట్రక్చర్‌ని దాస్తే స్పీడు పోతుందన్నది అభ్యంతరం. 2021 నవంబర్‌లో వచ్చిన 21.11 వర్షన్‌లో మధ్యేమార్గం కనిపెట్టారు. ప్రతి ప్యాకెట్‌కీ కావలసిన నాలుగైదు పాయింటర్లని మాత్రం పోర్టు నంబరుతో వెతికే ఒక చదునైన అర్రేలో పెట్టి బయటికి చూపించారు. అందుకునే దారివి ఒక క్యాష్ లైన్‌లో, పంపే దారివి ఇంకో క్యాష్ లైన్‌లో. మిగతా సంసారమంతా లోపలి హెడర్లలోకి వెళ్లిపోయింది. స్పీడు నిలిచింది, లోపల మార్చుకునే స్వేచ్ఛా వచ్చింది.

దీనికి ఎదురుగా లిబ్‌పీక్యాప్‌ని చూడండి. వైర్‌షార్క్ వాడిన ప్రతి బీటెక్ స్టూడెంటూ తెలియకుండానే దాన్ని వాడాడు. దాని ముఖ్యమైన స్ట్రక్చర్‌ని బయటికి చూపించరు, ఒక పిడి మాత్రం చేతికిస్తారు. అందుకే 2008లో 1.0 వచ్చినప్పుడు లినక్స్‌లో ప్యాకెట్లు తెచ్చుకునే పద్ధతినే మార్చి, కెర్నెల్‌తో పంచుకునే మెమరీ రింగ్‌కి వెళ్లగలిగారు. పైనున్న ప్రోగ్రాములకి తమ కోడ్ మార్చుకునే పని పడలేదు.

మా టీమ్‌లో సీనియర్ ఒకాయన దీనికి ఒప్పుకోడు. "అన్నీ దాచేస్తే కస్టమర్ డీబగ్ చేసుకోలేడయ్యా, గెట్టర్ ఫంక్షన్లు రాయలేక మనం చస్తాం" అంటాడు. ఆయన మాటలో నిజముంది. గెట్టర్లు రాయడం నిజంగానే చావు. కానీ ఫీల్డు చూపించడానికి ఒక్క నిమిషం చాలు, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో నష్టపోయేది హెడర్ ఫైల్ అంటే ఏంటో తెలియని మనిషి.

మరి రివ్యూల సంగతి?

మామూలు యూజర్‌కి ఇదంతా ఎందుకు అంటారని తెలుసు. మామూలు యూజర్‌కి ఫోన్ బ్యాటరీ కెమిస్ట్రీ కూడా అక్కర్లేదు, కానీ మన రివ్యూలు బ్యాటరీ ఎన్ని గంటలొచ్చిందో కొలుస్తాయి. అలాగే దీన్నీ బయటినుంచి కొలవొచ్చు. పెద్ద ఫైల్ ఒకటి అప్‌లోడ్ పెట్టి, అదే టైములో ఇంకో ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చెయ్యండి. ఖాళీగా ఉన్నప్పుడు 15 మిల్లీసెకన్లు వచ్చింది అప్‌లోడ్‌లో వందలకి ఎగబాకితే క్యూ పాత రకందే. ఒక చిన్న స్క్రిప్ట్‌తో వేలల్లో కనెక్షన్లు తెరిచి, ఎన్నోదాని దగ్గర కొత్తవి ఆగిపోతున్నాయో చూడండి. అది రౌటర్ చిట్టా సైజు, డబ్బా మీద ఎక్కడా వెయ్యని అంకె. పైన కంపెనీ ఎన్ఏటీ పరిమితి అడ్డురాకుండా సర్వర్‌ని రౌటర్ వ్యాన్ పోర్టుకే తగిలించి ఈ టెస్ట్ చెయ్యాలి. ఇంకో కనెక్షన్ తెరిచి, అరగంట ముట్టుకోకుండా వదిలేసి, అప్పుడు ఒక బైటు పంపండి. వెళ్లిందా లేదా?

ఒక జాగ్రత్త. కొన్ని చవక మోడళ్లు గిగాబిట్ స్పీడు చూపించడానికి ప్యాకెట్లని హార్డ్‌వేర్‌లోనే దాటించేస్తాయి. అప్పుడు ఎఫ్‌క్యూ కోడెల్ ఉన్నా దానిదాకా ప్యాకెట్ రాదు. స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా ఉంటుంది, వీడియో కాల్ మాత్రం ముక్కలవుతుంది. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి కొలిచి రెండు అంకెలూ వెయ్యాలి.

కొనేవాళ్లకి నా సలహా: యాంటెన్నాలు నాలుగా ఆరా అని చూసేముందు ర్యామ్ ఎంతో అడగండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 2021లో వచ్చిన 21.02 నుంచి 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ లేని పరికరాలని వదిలేసింది. 64 ఎంబీ కనీస అర్హత అన్నమాట, సుఖంగా ఉండాలంటే 128 పైనే. మీ మోడల్ వాళ్ల సపోర్ట్ లిస్టులో ఉంటే, కంపెనీ మర్చిపోయిన రౌటర్‌కి కూడా మంచి క్యూ, పెంచుకోగలిగిన చిట్టా దొరుకుతాయి.

కోడ్ రాసేవాళ్లయితే మీ ప్రాజెక్టులో ఏదో ఒక స్ట్రక్చర్ మీద పాహోల్ అనే టూల్ నడిపి చూడండి. కెర్నెల్ డెవలపర్ ఆర్నాల్డో కార్వాల్యో డి మెలో రాసింది. స్ట్రక్చర్‌లో ఎక్కడెక్కడ బైట్లు వృథాగా ఖాళీ ఉన్నాయో, ఏ ఫీల్డు ఏ క్యాష్ లైన్‌లో పడిందో గీతలు గీసి చూపిస్తుంది. నేను మొదట దాన్ని నడిపింది ఆ చెరువు కంట్రోలర్ ఎస్‌డీకే మీద కాదు, మా ఆఫీసు లైబ్రరీ మీద. సీనియర్‌కి ఆ ప్రింటవుట్ చూపించిన రోజు ఆయన లంచ్‌కి లేవలేదు. గెట్టర్ల జాబితా వేసుకుంటూ కూర్చున్నాడు.